మినుముకు రెండు పరీక్షలు

మినుము డెబ్బై నుంచి తొంభై రోజుల్లో చేతికొచ్చే పంట. పెసర, అలసంద, చిక్కుడు, గోరుచిక్కుడు, బజార్లో బీన్స్ పేరుతో అమ్మే ఫ్రెంచి చిక్కుడు అన్నీ దాని చుట్టాలే. ఈ వర్గం మొక్కల వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. పూతకొచ్చిన మొక్కను పీకి ఒక బుడిపెను గోటితో చిదిమితే సంగతి తెలిసిపోతుంది. లోపల గులాబీ రంగు కనబడితే అది పని చేస్తున్నట్టు, ఆకుపచ్చగానో మట్టి రంగులోనో ఉంటే దాని పని అయిపోయినట్టు. గింజ ముదిరే వేళకు ఆ బుడిపెలు చాలావరకు చివికి నేలలో కలిసిపోతాయి. యూరియా బస్తా చూడని పొలంలో కూడా మినుము ఎంతో కొంత పండటానికి మూలం ఇదే.

ఫ్రెంచి చిక్కుడుకు గుంటూరు ఎండ పడదు. పగటి వేడి 30 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. గుంటూరులోని బ్రాడీపేటలో తోపుడుబండ్ల మీద కనిపించే బీన్స్ మదనపల్లె వైపు నుంచో, కర్ణాటకలోని ఎత్తు ప్రాంతాల నుంచో వచ్చినవే. దాని మీద దక్షిణాదిన జరిగిన పరిశోధనకు కేంద్రం బెంగళూరు దగ్గరి హెస్సరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ. అర్క కోమల్, నార లేని అర్క సువిధ లాంటి రకాలు అక్కడివి. ఫ్రెంచి చిక్కుడు నాణ్యత కాయలో ఉంటుంది. విరిస్తే పుటుక్కున విరగాలి, నార రాకూడదు, లోపలి గింజ ఉబ్బకూడదు. మినుము నాణ్యత గింజలో ఉంటుంది. శత్రువులు మాత్రం రెండింటికీ దాదాపు ఒకరే: తెల్లదోమ, పేనుబంక, కాండపు ఈగ, మారుకా పురుగు.

గుంటూరు, ప్రకాశం మైదానాలకు పేరు తెచ్చినవి మిర్చి, పత్తి. ప్రకాశం నల్లరేగడిలో పొగాకు, పత్తి వదిలిన రైతులు జేజీ 11 లాంటి రకాలతో శనగ పట్టారు. పల్నాడు వైపు కంది ఉంది. అయినా పరిశోధన కేంద్రానికి, రైతుకు, మిల్లుకు, వంటింటికి మధ్య ఇంత గట్టి లంకె పడిన కాయజాతి పంట ఇక్కడ మినుమే. బ్రాడీపేటకు ఉత్తరాన, అమరావతి వెళ్లే దారిలో లాం ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం అక్కడే. ఆగ్నేయాన తెనాలి ఉంది, మినప్పప్పు మిల్లులకు పేరున్న ఊరు. రకానికి పుట్టుక లాంలో, ధర తెనాలిలో. ఈ రెండు చోట్లా గెలిచిన గింజే రైతు దగ్గర నిలుస్తుంది. గత నలభై ఏళ్ల మినుము కథంతా ఈ రెండు పరీక్షల మధ్యే నడిచింది.

కోయని వరిలో విత్తనం

కృష్ణా పశ్చిమ డెల్టా అంటే తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె చేలు. 1855లో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ వరి స్థిరపడింది. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సార్వా వరి కోశాక కాలువ కట్టేస్తే చేలో మిగిలేది నేలలో దాగిన తడి మాత్రమే. ఆ తడితో ఒకప్పుడు జనుము, పిల్లిపెసర పెంచి పశువులకు మేతగా వాడేవారు. ఆ స్థానంలోకి మినుము బలంగా వచ్చింది 1970ల చివర్లో, 1980లలో.

దీని సాగు పద్ధతి మెట్ట రైతుకు వింతగా ఉంటుంది. దున్నడం లేదు, నీరు పెట్టడం లేదు, అడుగు మందు లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న పైరులోనే విత్తనం చల్లుతారు. పదును ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది, తక్కువైతే మొలవదు. ఆ రెండు మూడు రోజుల లెక్క రైతు కాలి కింద తెలియాల్సిందే. మెట్టలో ఎకరానికి ఏడెనిమిది కిలోలు సరిపోయే విత్తనం మాగాణిలో పదహారు నుంచి పద్దెనిమిది కిలోలు పడుతుంది. కోత కూలీల కాళ్ల కింద కొంత పోతుంది, పిట్టలకు కొంత, పదును అందక కొంత. పైగా మాగాణి మినుము పెద్దగా కొమ్మలు వేయదు. మొక్కల సంఖ్య తగ్గితే దిగుబడి తగ్గినట్టే.

కోసిన వరి పనలు ఎక్కువ రోజులు చేలోనే ఉంటే కింద మొలకలు వెలుతురు అందక పాలిపోయి సాగుతాయి. పనలు తీశాక ఎండ తగిలి కొన్ని చనిపోతాయి. అందుకే పనలు త్వరగా తీసి కుప్ప వేయమని చెబుతారు. కోత యంత్రం వచ్చాక ఈ లెక్క మారింది. యంత్రం చక్రాల కింద నేల గట్టిపడుతుంది, మొలక నలుగుతుంది. గడ్డి వరుసలు పడిన చోట మొక్క లేవదు. కోత అయ్యాక విత్తుదామంటే అప్పటికి పదును జారిపోతుంది. దుక్కి లేకుండానే గాడి తీసి విత్తనం వేసే గొర్రులు ఈ చిక్కు తీర్చడానికి వచ్చినవే. మినుము పరిశోధన అంటే రకాల తయారీ మాత్రమే అనుకునేవారు ఇలాంటి పని ఎంత ముఖ్యమో గమనించరు. పొలంలో మొక్క నిలవకపోతే ఎంత మంచి రకమైనా చేసేదేమీ ఉండదు.

విత్తే కాలం నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు మొదటి పక్షం వరకు. అంతకు మించి ఆలస్యమైతే పూత, కాయ దశలు ఫిబ్రవరి చివరి ఎండలో చిక్కుకుంటాయి. అప్పటికి నేలలో తడి కూడా అయిపోతుంది. అదను దాటకుండా పెట్టి, తెగులు తగలకుండా కాచుకుంటే మంచి రైతు ఎకరానికి ఆరు నుంచి ఎనిమిది క్వింటాళ్లు తీస్తాడు. పూత దశలో రెండు శాతం యూరియా ద్రావణం గానీ, ఒక శాతం పొటాషియం నైట్రేట్ గానీ ఆకు మీద చల్లితే తడి తగ్గిన నేలలో మొక్కకు కొంత ఊపిరి వస్తుంది. కావేరి డెల్టాలోనూ ఇదే పద్ధతి ఉంది. తమిళనాడులోని ఆడుదురై పరిశోధన స్థానం 1981లో విడుదల చేసిన ఏడీటీ 3 రకం అక్కడి వరి చేలకు ఉద్దేశించిందే.

తెగులు వెంట రకం

లాం మినుముల పేర్లన్నీ ఎల్‌బీజీ అన్న అక్షరాలతో మొదలై ఒక అంకెతో ముగుస్తాయి. ఆ అంకెలను వరసగా పేర్చి చూస్తే ఏ కాలంలో ఏ తెగులు రైతును ఏడిపించిందో చదువుకోవచ్చు.

మొదటిది బూడిద తెగులు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి, పొద్దున మంచు, పగలు పొడి వాతావరణం. దానికి ఇంతకంటే అనువైన కాలం లేదు. ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి బూజు పరుచుకుంటుంది. ఆకు పండి రాలితే కాయలో గింజ ఊరదు. అంతకుముందు దేశమంతా వాడుకలో ఉన్న టీ 9 రకం 1948లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ స్థానిక మినుము నుంచి ఎంపిక చేసింది. డెల్టా మంచుకు అది తట్టుకోలేదు. 1980ల్లో లాం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 17, కృష్ణయ్య అని దాని పేరు, బూడిద తెగులును తట్టుకుంది. వరి కోశాక మినుము పెడితే డబ్బు కళ్లజూడవచ్చన్న నమ్మకం డెల్టా రైతుకు కలగడంలో ఈ ఒక్క రకం పాత్ర పెద్దది.

ఏటా అదే చేలో అదే పంట వేస్తూ పోతే నేలలో పెరిగే శిలీంధ్రాలు బలపడతాయి. అలా ఎండు తెగులు ముందుకొచ్చింది. మొక్క పచ్చగా ఉండగానే వాడి, మచ్చలు మచ్చలుగా చేను ఎండిపోతుంది. పైన ఏ మందు చల్లినా వేరును పట్టిన తెగులు పోదు. ఎల్‌బీజీ 645, ఎల్‌బీజీ 752 లాంటి రకాలు ఎండు తెగులును తట్టుకునేవిగా పేరు తెచ్చుకున్నాయి. వీటిలో 752 సంగతి ప్రత్యేకం. గింజ లావు, నిగనిగలాడే నలుపు, మార్కెట్లో పాలిష్ రకం అంటారు. మిల్లుకు నచ్చింది, వ్యాపారికి నచ్చింది, రైతుకు ధర పలికింది. డెల్టా, మెట్ట అన్న తేడా లేకుండా అది పాకిపోయింది.

దాని బలహీనత పల్లాకు తెగులు. ఈ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. మొదట లేత ఆకు మీద సూదిమొనంత పసుపు చుక్కలు కనిపిస్తాయి. నాలుగు రోజులకు ఆకుపచ్చ, పసుపు పచ్చ మచ్చలు కలగలిసిపోతాయి. తరవాత ఆకంతా పసుపే. కాయలు కొద్దిగా వస్తాయి, వచ్చినవి కూడా పసుపుబారి కురచగా ఉంటాయి, లోపల గింజ తాలు. మొక్క చిన్నగా ఉన్నప్పుడే సోకితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవలసిందే. దోమ ఒకసారి తెగులు మొక్క రసం పీల్చి వైరస్‌ను ఒంట్లోకి ఎక్కించుకున్నాక చాలా రోజులపాటు వాలిన ప్రతి మొక్కకూ అంటిస్తూ తిరుగుతుంది. పసుపు తిరిగిన చేను మీద మందు కొట్టడం వల్ల చేను బాగుపడదు. పక్క చేనుకు వ్యాప్తి కొంత తగ్గుతుందంతే. ఈ తేడా తెలియక మందుల మీద పోసిన డబ్బుకు లెక్కలేదు.

తెల్లదోమతో ఈ జిల్లాలకు పాత పగ ఉంది. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం పత్తి చేల మీద అది విరుచుకుపడింది. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మితిమీరి చల్లడంతో దోమను తినే పురుగులు పోయాయి, దోమ పెరిగింది. 1987–88లో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకుండా తయారై పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యల వార్తలు దేశం దృష్టికి వచ్చింది ఆ సీజనులోనే. పత్తి, వంగ, బెండ, పొగాకు, కలుపు మొక్కలు అన్నిటి మీదా బతికే తెల్లదోమకు ఒక పంట పోతే ఇంకో పంట. పత్తి పండే మెట్టకు, మినుము పండే మాగాణికి మధ్య దానికి గట్టు అడ్డం కాదు.

పల్లాకును తట్టుకునే గింజ ముందు ఉత్తరాదిన ఉన్న పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పీయూ 31 వేసిన చేలు పక్క చేలు పసుపెక్కినా పచ్చగా నిలబడ్డాయి. కానీ గింజ చిన్నది, మెరుపు లేనిది, అంటే సాదా రకం. పొలంలో గెలిచింది, కాటా దగ్గర తగ్గింది. తెగులు లేని సాదా గింజ వేసి తక్కువ ధరకు అమ్ముకోవాలా, మెరిసే 752 వేసి తెల్లదోమ దయ మీద బతకాలా అన్నది కొన్నేళ్లపాటు రైతు ముందున్న ప్రశ్న. ఆ రెండు గుణాలను ఒకే గింజలోకి తేవడం మీద లాంతో పాటు కృష్ణా జిల్లా ఘంటసాల, తిరుపతి కేంద్రాలు పనిచేశాయి. ఎల్‌బీజీ 787, ఘంటసాల జీబీజీ 1, తిరుపతి టీబీజీ 104 ఆ పని ఫలితాలు. పాలిష్ గింజ, పల్లాకును తట్టుకునే గుణం రెండూ ఉన్నవి.

ఇంతటితో పోరు ముగిసిందనుకోవడానికి లేదు. పల్లాకు వైరస్ ఒక్కటి కాదు. ఉత్తరాదిన ఎక్కువగా ఉండేది ఒకటి, దక్షిణాదిన ఎక్కువగా ఉండేది ఇంకొకటి. అక్కడ తట్టుకున్న రకం ఇక్కడ తట్టుకుంటుందన్న హామీ లేదు, ఇక్కడే వేసి చూడాలి. తామర పురుగులు అంటించే ఆకుముడత, తలమాడు తెగులు, చివరి దశలో వచ్చే తుప్పు తెగులు ఉండనే ఉన్నాయి. 2021లో మిర్చి చేలను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు అంతకు కొన్నేళ్ల ముందు ఈ జిల్లా రైతు కంట పడని పురుగు. ఎప్పుడు ఏ పురుగు గట్టు దాటి వస్తుందో ముందే చెప్పలేని ప్రాంతమిది.

ఆకు కింద, పువ్వు లోపల

మినుము మొలిచి రెండాకులు వేయగానే చిత్త పురుగులు వస్తాయి. ఆకుకు గుండ్రటి చిల్లులు పెడతాయి. తరవాత తామర పురుగులు, తెల్లదోమ. ఈ మొదటి మూడు వారాల కాపలా కోసమే విత్తనశుద్ధి. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ మందు ఐదు మిల్లీలీటర్లు పట్టించి విత్తితే లేత మొక్కను రసం పీల్చే పురుగుల నుంచి కొన్ని వారాలు కాస్తుంది. చేను మీద మందు చల్లడంతో పోలిస్తే ఇది చవక, మిత్ర పురుగులకు హాని తక్కువ. అయినా మాగాణి రైతుల్లో చాలామంది శుద్ధి చేయని విత్తనమే చల్లేస్తారు. కోత హడావుడిలో దానికి తీరిక దొరకదు.

పూత దశలో అసలు శత్రువు మారుకా మచ్చల పురుగు. తల్లి పురుగు మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొగ్గలోకి దూరి, పూలను, లేత కాయలను, చివరి ఆకులను పట్టుదారాలతో గూడుగా అల్లుకుని లోపల కూర్చుని తింటుంది. ఆ గూడును వేలితో విప్పితే లేత రంగు ఒంటి మీద నల్లచుక్కల వరుసలున్న పురుగు, దాని చుట్టూ పొడిపొడిగా రెట్ట కనిపిస్తాయి. గూడు కట్టాక మందు లోపలికి చేరదు. మొగ్గ తొడిగే రోజుల్లో, గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లలు ఉన్నప్పుడు చూసుకుంటేనే ఫలితం. మబ్బు పట్టి నాలుగు రోజులు అలాగే ఉందంటే చేలోకి వెళ్లి పూగుత్తులు విప్పి చూడాల్సిన సమయం వచ్చినట్టే. కాయ ముదిరే వేళకు పొగాకు లద్దె పురుగు కూడా చేరుతుంది. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి మేసే పురుగు కాబట్టి చాలామందికి నష్టం కనిపిస్తుంది, పురుగు కనిపించదు.

డెల్టా మినుముకు పురుగు, తెగులు కాని శత్రువు ఒకటుంది. బంగారు తీగ. ఆకు లేదు, వేరు నిలవదు, పసుపు దారంలా మినుము మొక్కను చుట్టేసి దాని ఒంట్లోకి పీల్చే మొనలు దించి బతుకుతుంది. దూరం నుంచి చూస్తే చేను మీద ఎవరో పసుపు వల పరిచినట్టుంటుంది. దాని విత్తనం నేలలో ఏళ్ల తరబడి చావదు. ఊరు నుంచి ఊరికి అది ఎక్కువగా మినుము విత్తనంతో కలిసే ప్రయాణం చేస్తుంది. జల్లించిన శుభ్రమైన విత్తనం వాడటం, పూత రాకముందే తీగను మొక్కతో సహా పీకి తగలబెట్టడం పాత మార్గాలు. మొలిచిన మూడు వారాలకు ఇమజితపిర్ లాంటి కలుపు మందు వాడటం కొత్త మార్గం. మూడో మార్గం పంట మార్చడం. గడ్డిజాతి పంటల మీద ఈ తీగ బతకదు. పల్లాకు, బంగారు తీగ రెండిటితో విసిగిన గుంటూరు, బాపట్ల ప్రాంత రైతులు చాలామంది వరి కోశాక దుక్కి లేని మొక్కజొన్న, జొన్న వైపు మళ్లడం వెనుక ఇదీ ఒక కారణం. మొక్కజొన్నకు నీరు కావాలి, ఎరువు బస్తాలు కావాలి. అయినా దిగుబడి మీద భరోసా ఉంది. అపరాలు భూమికి మేలు చేస్తాయని ఎంత చెప్పినా, నష్టం భరించేది రైతు కాబట్టి అతని లెక్కను తప్పు పట్టలేం.

కాటా, ఎమరీ రోలు, గ్రైండరు

మినుము కొనేవాడు గింజను అరచేతిలో పోసుకుని ముందు మూడు విషయాలు చూస్తాడు: మెరుపు, లావు, తడి. ఆ తరవాతే తాలు, పుచ్చు, మట్టి. పాలిష్ గింజకు సాదా గింజకంటే ధర ఎక్కువ. కాయ ముదిరాక వాన తగిలితే గింజ మెరుపు పోతుంది, రంగు మారుతుంది, బూజు పట్టే ప్రమాదం ఉంది. కోత ఆలస్యమైతే కాయ పగిలి గింజ చేలో రాలుతుంది. కోసిన మొక్కను కళ్లంలో ఎండబెట్టి నూర్చేదాకా ప్రతి వానా రైతు ధరలో కోత పెట్టేదే. యంత్రంతో కోయడానికి చేనంతా ఒకేసారి ఎండాలని కలుపు మందు కొట్టే అలవాటు మధ్యప్రదేశ్ పెసర చేలలో పెరిగింది. అవశేషాలు నేరుగా గింజలోకి చేరే పని అది. మినుముకు ఆ అలవాటు రాకుండా ఇప్పుడే జాగ్రత్త పడటం మంచిది.

మిల్లులో మినుము తేలిగ్గా లొంగదు. శనగను పొట్టు తీసినంత సులువుగా మినుమును తీయలేరు. పొట్టుకు, పప్పుకు మధ్య ఉండే జిగురు పొర రెండిటినీ అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే గరుకు రాయి పూత ఉన్న ఎమరీ రోలులో గింజకు గీతలు పెట్టి, కొద్దిగా నూనె పట్టించి, ఎండబెట్టి, మళ్లీ రోలులో వేసి, దఫదఫాలుగా పొట్టు ఊడదీస్తారు. బద్దలవకుండా నిండు గింజగా వచ్చేది మినపగుండ్లు, రెండుగా విడిపోయేది చాయపప్పు. లావు గింజ, ఒకే సైజు గింజ అయితే రోలులో నూక తక్కువ, గుండ్లు ఎక్కువ. చిన్నదీ పెద్దదీ కలిస్తే పెద్ద గింజ అరిగిపోతుంది, చిన్న గింజ పొట్టుతోనే బయటపడుతుంది. పాలిష్ రకం మీద మిల్లు మోజుకు వెనుక ఇలాంటి లెక్కలున్నాయి. వట్టి అందం కోసం ఇచ్చే ధర కాదది.

మిల్లును ఏడిపించే ఆ జిగురే వంటింట్లో పిండికి ప్రాణం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో ఇడ్లీ పిండి మీద చేసిన పనిలో రెండు పదార్థాలను గుర్తించారు. ఒకటి అరబినోగాలక్టాన్ అనే జిగురు చక్కెర పదార్థం, రెండోది గ్లోబ్యులిన్ ప్రొటీన్. రుబ్బేటప్పుడు ప్రొటీన్ గాలిని బుడగలుగా పట్టుకుంటుంది, జిగురు ఆ బుడగలు పగలకుండా నిలుపుతుంది. రాత్రంతా లూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా పులియబెట్టి పుట్టించే వాయువు ఆ బుడగల్లోనే నిలిచి పిండిని పొంగిస్తుంది. మిల్లులో ఎక్కువ వేడి తగిలినా, గింజ బాగా పాతబడినా, వానకు తడిసినా పిండి ఒదుగు, అంటే పొంగి ఎక్కువయ్యే గుణం, తగ్గుతుంది.

ఆంధ్ర ఇడ్లీలో దీని బరువు ఇంకా ఎక్కువ. తమిళనాడులో ఉప్పుడు బియ్యాన్ని కూడా రుబ్బి కలుపుతారు. ఇక్కడ రుబ్బేది పప్పు ఒక్కటే, గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ కడిగి పిండి కలుపుతారు. రవ్వ తనంతట తాను పొంగేది కాదు. దాన్ని లేపే పనంతా మినుముదే. బ్రాడీపేట లైన్లలోని టిఫిన్ సెంటర్లలో తెల్లారకముందే గ్రైండర్లు తిరుగుతాయి. కిలో పప్పుకు ఎంత పిండి వస్తుందన్నది వాళ్ల వ్యాపారంలో మొదటి లెక్క. పప్పు మారితే దోసె పెనం దగ్గర ఉన్నవాడికంటే ముందు ఇడ్లీ పాత్ర దగ్గరున్నవాడికి తెలుస్తుంది. గారె కూడా అంతే. నీరు తక్కువ పోసి రుబ్బిన పిండిని నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఆ గారె గట్టిబడుతుంది, నూనె తాగుతుంది. సున్నుండల లెక్క వేరు, వాటికి ఒదుగు అవసరం లేదు, వాసన ముఖ్యం.

నిల్వలో చివరి శత్రువు పుచ్చు పురుగు. తల్లి పురుగు చేలోనే కాయ మీద, లేదా గోదాములో గింజ మీద గుడ్డు అంటిస్తుంది. పిల్ల గింజలోకి తొలుచుకుని లోపలే పెరిగి, గుండ్రటి కిటికీ లాంటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. వేడి ఉన్న నెలల్లో ఒక తరానికి ఇంచుమించు నెల చాలు. బస్తాలో పది గింజలకు ఉన్న పుచ్చు మూడు నెలల్లో బస్తా అంతటికీ పాకుతుంది. తేమ తొమ్మిది శాతం లోపుకు వచ్చేలా ఎండబెట్టడం, విత్తనానికి కిలోకు ఐదు మిల్లీలీటర్ల వంట నూనె పట్టించడం, గాలి చొరబడని సంచుల్లో కట్టడం పనిచేసే ఉపాయాలు. పప్పుగా విరిచి దాచుకుంటే పుచ్చు తక్కువని పల్లెటూళ్లలో ఎప్పటినుంచో తెలుసు. గుడ్డు పెట్టడానికి ఆ పురుగుకు నిండు గింజ, పొట్టు నచ్చుతాయి.

ధర విషయంలో లాం, తెనాలి రెండూ కాక మూడో చోటు ఉంది. రంగూన్. భారతదేశం దిగుమతి చేసుకునే మినుములో అత్యధిక భాగం బర్మాది. అక్కడ కూడా ఇరావతి డెల్టాలో వరి కోశాక మిగిలిన తడితోనే మినుము పండిస్తారు. ఒకప్పుడు కోస్తా జిల్లాల కూలీలు ఓడెక్కి పోయిన రంగూన్ నుంచి ఇప్పుడు గింజ ఓడెక్కి వస్తోంది. 2021లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందంలో ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుమును ప్రైవేటు వ్యాపారం ద్వారా తెచ్చుకోవాలని రాసుకున్నారు. కేంద్రం 2024–25కి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,400 రూపాయలు, 2025–26కి 7,800. బర్మా సరుకు దిగే నెలల్లో మార్కెట్ ఈ అంకెను పట్టించుకోకపోవచ్చు. అలాంటప్పుడు గుంటూరు రైతుకు మిగిలే బలం నాణ్యత ఒక్కటే. ఎండు గింజ, ఒకే రకం, ఒకే సైజు, పుచ్చు లేని సరుకు.

ఇక్కడే పరిశోధన వైపు నుంచి ఒక పని మిగిలి ఉంది. రైతు చేతికొచ్చే రకాల పట్టికలో పంట కాలం, ఎకరా దిగుబడి, ఏ తెగులును తట్టుకుంటుంది, పాలిషా సాదానా అన్నవి ఉంటాయి. అవి పొలానికి, కాటాకు చాలు. తినేవాడి దగ్గర తేలేది ఒదుగు. మెరిసే గింజలన్నీ బాగా ఒదుగుతాయని గానీ, సాదా గింజలు ఒదగవని గానీ మెరుపును బట్టి చెప్పలేం. కిలో పప్పుకు ఎన్ని లీటర్ల పిండి, రోలులో ఎంత శాతం గుండ్లు అన్న రెండు అంకెలను ప్రతి కొత్త రకం పేరు పక్కనా అచ్చు వేస్తే, పల్లాకును తట్టుకున్న సాదా గింజకు కూడా దాని అసలు విలువ కాటా దగ్గర దక్కుతుంది. లాం, ఘంటసాల, తిరుపతి కేంద్రాలు, బాపట్లలోని కోత అనంతర పరిశోధన కేంద్రం, తెనాలి మిల్లర్లు కలిసి కూర్చుంటే ఒక్క సీజనులో తేలే లెక్క ఇది.